పెద్దాయన కాసిన ఏడు

ఆ ఏడాది కాయలు ముందే ముదిరాయి. అన్నయ్య పోయి అప్పటికి నాలుగు నెలలు.

చెట్లెక్కి విత్తనాల కాయలు కోయడం మా ఇంటి పని. ఊరి వెనక అడవిలో వందల ఏళ్ళ నాటి చెట్లున్నాయి. వాటి కాయలు ముదిరి, ఇంకా పగలకముందే కోసుకొచ్చి, ఎండబెట్టి, గింజ తీసి విత్తన గోదాముకు ఇవ్వాలి. నాలుగు రోజులు ఏమరిస్తే కాయ పగిలి, రెక్కల గింజలు గాలికి పోతాయి. మొత్తం కోతకాలం ఆరు వారాలు. పంతొమ్మిదేళ్ళు అన్నయ్య పైకెక్కాడు, నేను కింద అతని నడుముకు కట్టిన మోకు తాడు పట్టుకున్నాను.

కాపురం చాలించుకుని నేను పుట్టింటికి వచ్చిన మర్నాడే ఆ మోకు నా చేతికిచ్చాడు. "ఊరికే కూర్చుంటే మనసు కుళ్ళిపోతుంది, పద," అన్నాడు. నా విషయంలో అన్నయ్య ఓదార్పుగా అన్న మాట అదొక్కటే. మితభాషి అనడం కూడా ఎక్కువే. అతని ముఖం కన్నా అరికాళ్ళే నాకు బాగా గుర్తు, ఎప్పుడూ కిందనుంచే చూశాను గనక.

చెట్టు మీంచి పడి పోయాడా అని అందరూ అడిగేవారు. కాదు. జ్వరం. ఆసుపత్రిలో మూడు రోజులున్నాడు, అంతే.

తర్వాత ఇంట్లో నేనూ వదినా మిగిలాం. వాళ్ళకు పిల్లల్లేరు. వంటగది, రెండు గదులు, వెనక కాయలు ఆరబోసే సిమెంటు కళ్ళం. అంత చిన్న ఇంట్లో ఒకరికొకరు ఎదురుపడకుండా ఎలా తిరిగామో ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది. గ్యాసు అయిపోయింది, తలుపు వేశావా, నీళ్ళు పట్టావా. అంతకుమించి మాటల్లేవు. భర్త పోయిన దుఃఖం ఆవిడది, అన్న పోయిన దుఃఖం నాది. ఎవరి గిన్నెలో వాళ్ళం తిన్నట్టు, ఎవరి ఏడుపు వాళ్ళం ఏడ్చాం.

ఒక ఉదయం గోదాం మేడమ్ జీపులో వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి, "పెద్దాయన కాశాడు," అన్నారు.

పెద్దాయన అంటే వాగు అవతల లోయలో ఉన్న చెట్టు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. మేడమే ఒకప్పుడు కొలిపించి, పన్నెండు వందల ఏళ్ళ పైమాటేనని చెప్పారు. ఆ జాతివి మా అడవిలో నాలుగే మిగిలాయి, మిగతా మూడూ కాయడం మానేశాయి. పెద్దాయన కూడా పదేళ్ళకో పన్నెండేళ్ళకో ఒకసారి కాస్తాడు. క్రితం సారి పదకొండేళ్ళ కింద కాస్తే అన్నీ తాలు కాయలు. ఒక్క మొలకా రాలేదు.

"బయటినుంచి ఇద్దరు మనుషుల్ని పిలిపిస్తున్నాను," అన్నారు మేడమ్. "కాళ్ళకు ఇనుప ముళ్ళు కట్టుకుని ఎక్కుతారు. రెండు రోజుల పని."

"ముళ్ళతోనా? ఆయన ఒంటి మీదా?"

"మరి ఎవరున్నారమ్మా ఎక్కడానికి?"

"నేనున్నాను," అన్నాను. అనుకుని అన్నది కాదు.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. నలభై రెండేళ్ళ మనిషిని. "ఎప్పుడైనా ఎక్కావా?"

"మోకు పట్టాను."

"డప్పు మోసినవాళ్ళంతా వాయిస్తారా?"

"ఆ కాయ ముదరడానికి ఎలాగూ రెండు వారాలు పడుతుంది, ఆ టైమివ్వండి. చిన్న చెట్ల మీద నేర్చుకుంటాను. చేతకాకపోతే ముళ్ళవాళ్ళనే పిలిపించండి."

"సరే, నువ్వెక్కుతావు. మోకు ఎవరు పడతారు?"

వంటింట్లో గిన్నె తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

"మా వదిన," అన్నాను.

జీపు కదిలాక వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నన్నొక మాట అడిగావా?"

"లేదు."

"నేను వెళ్ళిపోవాలనుకుంటున్నాను. చెల్లెలు రమ్మంటోంది." ఆ సంగతి నేను వినడం అదే మొదలు. "పైగా ఆ చెట్టు పేరెత్తితేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో మీ అన్నయ్య నాతో ఆడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మాటలన్నీ మూటగట్టుకెళ్ళి దానికి చెప్పుకున్నాడు."

"చెట్టుతో కూడా మాట్లాడేవాడు కాదు వదినా."

"నీకెలా తెలుసు? కింద ఉన్నదానివి."

నిజానికి పెద్దాయన కాయని ఏళ్ళలో కూడా అన్నయ్య కోత మధ్యలో ఒకరోజు తప్పకుండా అక్కడికి వెళ్ళేవాడు. ఎక్కి, గంటా గంటన్నర దిగేవాడు కాదు. నేను కింద మోకు పట్టుకుని నిలబడేదాన్ని. ఏం చేస్తున్నావని ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పే మనిషీ కాదు.

మర్నాడు తెల్లారేసరికి వదిన అన్నయ్య పాత చొక్కా తొడుక్కుని, చేతులు మూడు మడతలు పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "పద. నువ్వు పడి చస్తే ఆ పాపం కూడా నాకే చుట్టుకుంటుంది."

రెండు వారాలు చిన్న చెట్ల మీద తంటాలు పడ్డాం. పైకొమ్మ మీదుగా మోకు వేసి, ఒక కొస నా నడుం బెల్టుకు, రెండోది కింద వదిన చేతిలో. ఒకసారి లాగితే వదులు చెయ్యమని, రెండుసార్లయితే బిగించమని, మూడుసార్లు దిగుతున్నానని. మొదటి రోజు నేను మనిషెత్తు ఎక్కి జారాను. వదిన రెండు చేతులా మోకు పట్టుకుని వెనక్కి కూలబడింది. నేను గాల్లో సొరకాయలా వేలాడాను.

"ఆడపడుచు బరువు మొయ్యాలి మొయ్యాలి అంటే ఏమో అనుకున్నాను," అంది కిందనుంచి రొప్పుతూ. "ఇదన్నమాట."

నాలుగు నెలల్లో మొదటిసారి ఇద్దరం నవ్వాం. నవ్వి, ఏదో తప్పు చేసినట్టు వెంటనే ఆపేశాం.

వదిన మంచి పనిమంతురాలని అప్పుడు తెలిసింది. పొయ్యిమీద పాలు పెట్టినట్టు, కన్ను తిప్పకుండా చూసేది. "ఎడంకాలు పైకి! ఎడమంటే నీ ఎడమే, నా ఎడమ కాదు!" అని అరిచేది. ఇంటికొచ్చాక మాత్రం మళ్ళీ మామూలే. కంచాలు కడిగి, ఎవరి గదిలోకి వాళ్ళం.

పదిహేనో రోజున పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. గంటన్నర నడక. వాగు దాటి, రాళ్ళ మీదుగా లోయలోకి దిగితే అక్కడ ఎండ తక్కువ. పెద్దాయన మొదలు చుట్టూ ఎనిమిది మంది చేతులు కలిపితే గానీ అందదు. ఎప్పుడో పిడుగు పడి ఒక పక్కంతా నల్లబడి, మనిషి దూరేంత తొర్ర ఏర్పడింది. అయినా పైన పచ్చగా ఉంది, ఆకుల మధ్య కాయలు గోధుమరంగులో గుత్తులు గుత్తులుగా కనిపిస్తున్నాయి.

వదిన ఆ చెట్టును చూడటం అదే మొదలు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ రాలేదు.

"ఇదా?"

"ఇదే."

చెట్టు చుట్టూ నడవడం మొదలుపెట్టింది. అటువైపు వెళ్ళి చాలాసేపు కనపడలేదు. ఇటువైపు వచ్చాక, "సవతి సవతి అనుకున్నాను ఇన్నేళ్ళూ. తీరా చూస్తే ముత్తాత," అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

నేను ఎక్కాను. మొదటి కొమ్మ దాటాను, రెండోదీ దాటాను. మూడో కొమ్మ దగ్గర చెయ్యి చాచబోయి కిందికి చూశాను. చూడకూడదు. వదిన చొక్కా తెల్లటి చుక్కలా కనిపించింది. ఆ తర్వాత నా చేతులు నా మాట వినలేదు. మానును కరచుకుని, చెంప బెరడుకు ఆనించి ఉండిపోయాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"ఏమైంది?" కిందనుంచి వదిన కేక. "ఏయ్, పలకవేం?"

పలకలేకపోయాను. నా గుండె చప్పుడు బెరడుకు కొట్టుకుని నాకే తిరిగి వినిపిస్తోంది. ఎంతసేపు అలా ఉన్నానో చెప్పలేను. మెల్లగా ఇంకోటి తెలిసింది. చెట్టు కదులుతోంది.

కింద ఆకు కూడా అల్లాడని రోజు అది. అంత లావు మాను కదులుతుందని నేను పంతొమ్మిదేళ్ళు దాని మొదట్లో నిలబడి కూడా ఎరగను. ఒక పక్కకు కొంచెం, చాలా కొంచెం వాలుతుంది. అక్కడ కాసేపు ఆగుతుంది. తిరిగి వస్తుంది. ఒకసారి వాలి వచ్చేలోగా నేను నాలుగైదు ఊపిరులు తీస్తున్నాను. గమనిస్తూ ఉండగా అవి మూడయ్యాయి. తర్వాత రెండు.

నాకు పూజలూ మొక్కులూ పెద్దగా అలవాటు లేవు. అడిగినవి ఇవ్వలేదని దేవుడితో మాటలు మానేసి చాలా ఏళ్ళయింది. అందుకని ఇది ఏమని చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. తొందర లేని ఒక పెద్దమనిషి పక్కన కూర్చున్నట్టు అనిపించింది. ఆయన నా మీద జాలిపడలేదు. ధైర్యం చెప్పలేదు. నన్ను ఎరుగుదునని కూడా అనలేదు. పొమ్మని మాత్రం అనలేదు. అన్నయ్య పోయాక నన్ను పలకరించినవాళ్ళందరూ నా నుంచి ఏదో ఒకటి కోరారు: ఏడవమనో, ఏడవొద్దనో, తినమనో. ఆయనకు నా నుంచి ఏమీ అక్కర్లేదు. బెరడు మీద నా కన్నీళ్ళు జారి, సందుల్లోకి ఇంకిపోయాయి.

"దిగిపో అమ్మా! పోతే పోయాయి ఎదవ కాయలు!" వదిన గొంతు ఈసారి ఏడుపులా ఉంది.

మోకు రెండుసార్లు లాగాను. బిగించమని.

బిగించింది. చేతులు కదిలాయి.

ఆ పైన మాను రెండుగా చీలే చోట పంగ ఉంది. చెట్టంతా పాచి పట్టి ఉంటే అక్కడ మాత్రం పట్టలేదు. బెరడు నున్నగా, వాడిన కుర్చీలా అరిగి ఉంది, సరిగ్గా ఒక మనిషి వీపు ఆనేంత. చెయ్యి వేసి నిమిరాను. తర్వాత అందులో కూర్చున్నాను. అక్కడినుంచి ఊరు కనిపిస్తుందనీ, అన్నయ్య ఇంటికేసి చూస్తూ కూర్చునేవాడనీ ఎందుకో అనుకునేదాన్ని. ఊరు కనిపించదు. చెట్ల తలలు, ఆకాశం, అంతే.

దోటికి కట్టిన కొడవలితో గుత్తులు కోసి, చిక్కం సంచిలో వేసి, సన్నతాడుతో కిందికి దించాను. సంచి దించాక కూడా నేను దిగలేదు. వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. మాను వాలుతోంది, ఆగుతోంది, వస్తోంది. ఇక్కడ అన్నయ్య ఏం చేసేవాడు? నేను చేస్తున్నదే. ఏమీ లేదు. మాతో ఆడకుండా దాచుకున్న మాటలేవో అతని దగ్గర ఉన్నాయని నేనూ వదినా ఎవరికి వాళ్ళం నమ్మాం, ఒకరి మీద ఒకరం లోలోపల అలిగాం. మాటలు లేవు. లేవు గనకే ఇక్కడికొచ్చి కూర్చునేవాడు. ఇక్కడ అవి ఎవరూ అడగరు.

దిగేసరికి వదిన అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"గంట దాటింది. కాళ్ళు పీక్కుపోతున్నాయి," అంది. బెల్టు విప్పడానికి సాయం చేస్తూ, నా ముఖం చూడకుండా అడిగింది. "ఏముంది పైన?"

"కూర్చునే చోటుంది వదినా."

"అంతేనా?"

"అంతే."

నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

గోదాములో మేడమ్ బల్ల మీద కాయలు పరిచి, ఒక్కోటీ అడ్డంగా కోశారు. మొదటిది తాలు. రెండోది తాలు. మూడు, నాలుగు, ఐదు. వదిన బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆరో కాయ కోయగానే లోపల తెల్లగా, గట్టిగా గింజ కనిపించింది. ఇరవై కాయలు కోస్తే ఏడింటిలో ఉంది. మేడమ్ కత్తి పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుండిపోయారు. "పదకొండేళ్ళు," అన్నారు. మళ్ళీ కాసేపటికి, "పదకొండేళ్ళమ్మా," అన్నారు. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటే మేమిద్దరం గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాం.

ఐదు రోజులు కోశాం. ఐదో రోజు చివరి సంచి దించి నేను దిగాక వదిన బెల్టు నా చేతిలోంచి తీసుకుంది.

"నన్నెక్కించు."

"నీకు అలవాటు లేదు."

"పుట్టగానే నీకుందా?"

రెండు కప్పీలు వేసి మోకు నడిపిస్తే సగం బరువే పడుతుంది. వదిన బక్క మనిషి. అయినా ఆ పంగ దాకా చేర్చేసరికి గంట పట్టింది. సగంలో ఉండగా కుడికాలి చెప్పు జారి నా భుజం మీద పడింది. "అదీ నీదే, ఉంచుకో," అంది పైనుంచి. నేను తల ఎత్తి చూస్తూ మోకు లాగాను. ఆ పాదాలు చిన్నవి, మడమలు పగిలి ఉన్నాయి. కాసేపటికి ఆకుల్లోకి వెళ్ళిపోయాయి.

మొదట ఏమీ వినిపించలేదు. తర్వాత వదిన గొంతు. మాటలు తెలియడం లేదు. ఎవరినో నిలబెట్టి అడుగుతున్నట్టుంది. అడిగి ఆగుతోంది. జవాబుకు సరిపోయేంత సేపు ఆగి, మళ్ళీ అడుగుతోంది. ఒకసారి గొంతు బాగా పైకి లేచింది. మోకు మీద నా పట్టు బిగిసింది. అక్కడినుంచి మెల్లగా తగ్గుతూ తగ్గుతూ పోయి, ఇక వినిపించలేదు. కొమ్మ మీద పిట్టేదో అరిచింది. చాలాసేపటికి మోకు మూడుసార్లు కదిలింది.

దిగాక నేల మీద కూర్చుని సీసాలో నీళ్ళతో ముఖం కడుక్కుంది. మిగిలినవి తాగింది.

"లేడు," అంది.

"లేడు వదినా."

"అక్కడే ఉన్నాడేమో అనుకున్నాను. నాకు దొరకనివన్నీ అక్కడ పెట్టుకున్నాడేమో అని." చెప్పు వెతుక్కుని తొడుక్కుంది. "ఏమీ లేదు. ఉత్త చెట్టు."

తిరుగుదారిలో వాగు దాటేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది. ఒడ్డుకు చేరాక కూడా కొంత దూరం వదల్లేదు.

ఆ తర్వాతి పది రోజులు ఆ ఇంట్లో నేను గడిపిన మంచి రోజులు. కళ్ళం మీద టార్పాలిన్ పరిచి కాయలు ఆరబోశాం. ఎండకు అవి టప్ టప్ మని పగులుతుంటే పక్కనే కూర్చుని రెక్కలు నలిపాం, గింజలు చెరిగాం. వదిన ఎంత మాటకారో నాకు అప్పుడే తెలిసింది. పెళ్ళిచూపుల్లో అన్నయ్య ఒక్క మాటా మాట్లాడకపోతే మూగవాడేమోనని వాళ్ళ నాన్న అనుమానపడ్డాడట. "నీ పేరేంటి బాబూ అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి చెప్పాడు. దానికే మా ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు," అని చెప్పి, చేట పక్కన పెట్టి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. మధ్యాహ్నాలు ఒకే చోట కూర్చుని తిన్నాం. మోకుకు వేసే జారని ముడి ఎలా వెయ్యాలో అడిగింది. వచ్చే ఏడు పనికొస్తుందని అడుగుతోందనుకున్నాను.

గింజలు గోదాముకు ఇచ్చొచ్చిన రోజు సాయంత్రం వదిన మంచం మీద పెట్టె తెరిచి ఉంది. ఆ ముడి పరుపుచుట్ట కట్టడానికట.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. "ఉండిపోకూడదూ?"

చీర మడత పెడుతూనే ఉంది. "ఆయన అక్కడున్నాడని అనుకున్నన్నాళ్ళూ కదల్లేకపోయాను. కాపలా కాసినట్టు ఉండిపోయాను. ఇప్పుడు తెలిసింది కదా."

"మరి నేనూ?"

అంత చిన్నపిల్లలా అడుగుతాననుకోలేదు. వదిన మడత ఆపి నాకేసి చూసింది.

"నువ్వు పైన ఎంతసేపు కూర్చునేదానివో నాకు తెలుసు. మోకు నా చేతిలోనే ఉండేది," అంది. "దిగినప్పుడు నీ ముఖం ఎలా ఉండేదో కూడా చూశాను. నీకు అక్కడ ఎవరో ఉన్నారమ్మా. నాకెవరూ లేరు. చెల్లెలి దగ్గర కనీసం అరిచి పోట్లాడుకోవడానికి మనుషులుంటారు."

కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

పొద్దున బస్సు దాకా వెళ్ళాను. పెట్టె పైకి అందించాను. కిటికీ పక్కన సీటు దొరికింది. "వేళకు తిను. ఒక్కదాన్నే కదా అని పచ్చడేసుకుని సరిపెట్టకు," అంది. బస్సు కదిలేటప్పుడు ఇంకా ఏదో అంది గానీ ఇంజను రొదలో వినపడలేదు. తల ఊపాను.

వారం రోజులు ఇంట్లోనే ఉన్నాను. తాళ్ళు ఉతికి ఆరేశాను. కొక్కేలకు నూనె పెట్టాను. కళ్ళం కడిగాను. వచ్చే కోతకు మోకు పట్టే మనిషిని చూస్తానని గోదాం మేడమ్ కబురు పంపారు. సరేనని చీటీ పంపాను. వదిన గది తలుపు వేసి ఉంచితే లోపల ఎవరో పడుకున్నట్టుంది, తీసి ఉంచితే ఎవరూ లేనట్టుంది. రోజుకోసారి వేసి, రోజుకోసారి తీశాను.

ఎనిమిదో రోజు ఉదయం మబ్బు పట్టింది. మోకు లేకుండా, దోటి లేకుండా, వట్టి చేతులతో లోయకు నడిచాను. కోత అయిపోయాక ఆ దారిన వెళ్ళడం నాకదే మొదటిసారి. వాగులో నీళ్ళు కొంచెం పెరిగాయి. పెద్దాయన కాయలన్నీ పోగొట్టుకుని తేలిగ్గా, ఇంకాస్త ముసలిగా కనిపించాడు.

ఎక్కే పని లేదు. మొదట్లో నిలబడి నుదురు బెరడుకు ఆనించాను. కింద, అంత లావు దగ్గర కదలిక తెలియదు. అయినా ఉంది, పైన ఉందని నాకు తెలుసు. ఏం చెయ్యాలో, ఎందుకొచ్చానో తోచలేదు. అంతదూరం వచ్చి ఊరికే నిలబడటం మర్యాద కాదేమో అనిపించింది.

"వదిన వెళ్ళిపోయింది," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. వారం రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది. బెరడు చల్లగా, గరుకుగా ఉంది. ఎక్కడో పైన చినుకులు ఆకుల మీద పడటం మొదలైంది. కిందికి ఇంకా రాలేదు.

"బుధవారం బస్సుకి," అన్నాను. "కిటికీ పక్కన సీటు దొరికింది."

దాని వెనక ఇంకో మాట వచ్చింది. దాని వెనక మరొకటి. చినుకులు నా దాకా దిగి, బట్టలు పూర్తిగా తడిసేవరకూ చెబుతూనే ఉన్నాను.